దీపాల ముందు ఆడిన వీ, బీరువా ఎక్కిన వీ యూ

గత నెలలో లాంజిపల్లి నుంచి ఒక కుర్రాడు మా షాపుకి వచ్చాడు. ఫోన్లో ఫొటో చూపించి, "అన్నా, ఇది సెకండ్ హ్యాండ్‌లో వస్తోంది. తీసుకోవచ్చా?" అని అడిగాడు. చూస్తే నింటెండో వీ యూ, టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేమ్ మెషీన్. నల్ల డబ్బా, పక్కన పిల్లల పలకంత గేమ్‌ప్యాడ్, అంటే తెర ఉన్న రిమోట్. బరంపురంలో ఆ మెషీన్ గురించి నన్ను ఒకరు అడగడం అదే మొదటిసారి. షాపు రద్దీగా ఉంది, చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉంది. రెండు ముక్కలు చెప్పి పంపించేశాను. ఇంటికొచ్చాక ఆ రెండు ముక్కలూ సరిపోవనిపించింది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

నేను గిరి రోడ్డు దగ్గర టీవీలు, ఇన్వర్టర్లు బాగుచేస్తాను. మా ఇంట్లో నింటెండో పాత మెషీన్ వీ ఉంది, దాని తర్వాత వచ్చిన వీ యూ కూడా ఉంది. రెండూ ఇప్పటికీ ఆన్ అవుతాయి. వీ హాల్లో టీవీ కిందే ఉంటుంది. వీ యూ బీరువా పై అరలో, పాత దుప్పట్లో చుట్టి ఉంటుంది. పాతది టీవీ కింద, కొత్తది బీరువాలో ఎందుకున్నాయో చెబితే, ఆ మెషీన్‌కి ప్రపంచమంతా ఏం జరిగిందో చాలావరకు చెప్పినట్టే. వీ 10 కోట్ల 16 లక్షలు అమ్ముడైంది. వీ యూ 1 కోటి 35 లక్షల దగ్గర ఆగిపోయింది. ఒకే కంపెనీ, ఇంచుమించు ఒకే పేరు, మధ్యలో ఆరేళ్ళు.

ముందు వీ సంగతి చెప్పాలి. 2008 డిసెంబర్లో మా పెద్దనాన్న కూతురు, బావ న్యూజెర్సీ నుంచి సెలవులకి వస్తూ తెచ్చారు. అమెరికాలో అది 2006 నవంబర్లో వచ్చింది, ధర 250 డాలర్లు. రిమోట్ ఊపుతూ బౌలింగ్, టెన్నిస్ ఆడే వీ స్పోర్ట్స్ డిస్కు పెట్టెలోనే ఇచ్చేవారు. బావ పెట్టె విప్పి అడాప్టర్ ప్లగ్గులో పెట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. దాని మీద 120 వోల్టులని ఉంది. మన గోడలోంచి వచ్చేది 230. పెట్టి ఉంటే దాని ఆయుష్షు ఆ పూటతో తీరిపోయేది. షాపుకి వెళ్ళి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చాను. మాది అప్పుడు 21 అంగుళాల డబ్బా టీవీ. ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులు గుచ్చితే బొమ్మ నలుపు తెలుపుల్లో వచ్చింది. టీవీలో కలర్ సిస్టమ్ అమెరికా పద్ధతికి, అంటే ఎన్‌టీఎస్‌సీకి మార్చాక రంగులొచ్చాయి. ఇంట్లో పదకొండు మందిమి ఉన్నాం, అందరం ఒక్కసారి "ఆఁ" అన్నాం.

ఆ సాయంత్రం మా మామ్మ బౌలింగ్ ఆడింది. అప్పటికి ఆమెకి 74. టీవీ రిమోట్ కూడా ముట్టుకునేది కాదు, చానల్ మార్చమని పిల్లల్ని పిలిచేది. మేనల్లుడు ఆడుతుంటే మంచం మీంచి కాసేపు చూసి, "ఆ కర్ర ఇలా తే" అంది. రిమోట్ కింద ఉన్న బొత్తాం నొక్కి పట్టుకుని, చెయ్యి వెనక్కి తీసి ముందుకు ఊపి, బంతి వదలాల్సిన చోట బొత్తాం వదిలెయ్యాలి. ఎవరూ చెప్పలేదు, చూసి పట్టేసింది. ముగ్గు వేసేటప్పుడు మణికట్టు తిప్పి పిండి వదులుతారే, సరిగ్గా అలా వదిలింది. పది పిన్నులూ పడ్డాయి. ఆ శీతాకాలమంతా పక్కింటి ఒడియా వాళ్ళు, ఎదురింటి దేవాంగుల పిల్లలు, పేపరు వేసే అబ్బాయి, ఒక్కొక్కళ్ళుగా వచ్చి ఆ కర్ర పట్టుకుని ఊపి వెళ్ళారు. ఎవరికీ ఎలా ఆడాలో చెప్పాల్సిన పని పడలేదు.

మరుసటి ఏడు టీవీ మీద పెట్టే సెన్సర్ బార్ వైరుని ఎలుక కొరికేసింది. పేరుకి సెన్సర్ బార్ గానీ, అది దేన్నీ పసిగట్టదు. రెండు కొసల్లోనూ కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ బల్బులుంటాయి, అంతే. చూసే కెమెరా రిమోట్ ముక్కులో ఉంటుంది. ఆ రెండు వెలుగు చుక్కల్ని చూసి, తను ఎటు తిరిగి ఉందో లెక్కేసుకుంటుంది. మెనూలో వేలు బొమ్మ కదలాలంటే ఆ చుక్కలు కావాలి. దీపానికి కూడా ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కదా అని దేవుడి గదిలోంచి రెండు ప్రమిదలు తెచ్చి, జానెడు ఎడంగా టీవీ ముందు వెలిగించాను. వేలు బొమ్మ కదిలింది. మామ్మ ఆ రెండు దీపాలకీ దణ్ణం పెట్టుకుని బౌలింగ్ మొదలుపెట్టింది. వైరు అతికించడానికి నాకు పది నిమిషాలు చాలు, కానీ నెల రోజుల పాటు ఇంట్లో ఎవరూ ఆ పని చెయ్యనివ్వలేదు. రోజూ సాయంత్రం దీపాలు పెట్టుకునే ఆడేవారు.

ఈ మెషీన్ తర్వాత వచ్చింది వీ యూ. 2013 డిసెంబర్లో మళ్ళీ అక్క వాళ్ళే తెచ్చారు. ఆ అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మా ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు. రెండు నెలలైనా నా షాపు నిండా నీళ్ళు తాగిన టీవీలే. అలాంటి రోజుల్లో కొత్త మెషీన్ వస్తోందంటే నాకు ప్రాణం లేచొచ్చింది. అమెరికాలో 2012 నవంబర్లో వచ్చినప్పుడు పెద్ద మోడల్ 350 డాలర్లు. ఏడాది తిరక్కుండానే 300కి దించారు. అప్పటి డాలరు లెక్కన మన డబ్బులో 18 వేల పైచిలుకు.

హాల్లో పెట్టె విప్పుతుంటే పక్కింటాయన వచ్చి నిలబడ్డాడు. డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎథిరె నూఆ కొణొ?" అన్నాడు. ఇందులో కొత్తేముంది అని. నేను పలక తీసి చూపించాను. "ఇది వీకి కొత్త రిమోటా?" అన్నాడు. కాదండీ, మెషీనే కొత్తది, దానికి ఈ రిమోట్ అన్నాను. "మరి పాత దానికి ఇది పని చెయ్యదా?" చెయ్యదన్నాను. "పాత రిమోట్లు దీనికి పనిచేస్తాయా?" చేస్తాయన్నాను. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. ఆయనకి అర్థమయ్యేలా నేను చెప్పలేదని ఆ రాత్రంతా అనిపించింది. తర్వాత చదివితే తెలిసింది, చెప్పలేకపోయింది నేనొక్కణ్ణే కాదని.

2011 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో వీ యూని మొదటిసారి చూపించినప్పుడు, కంపెనీ వాళ్ళు దాదాపు ఆ పలకనే చూపించారు. అసలు డబ్బా సరిగ్గా కనబడలేదు. పేరులో మళ్ళీ వీ ఉంది. చూసినవాళ్ళలో చాలామంది ఇది ఇంట్లో ఉన్న వీకి కొనుక్కునే పరికరం అనుకున్నారు. వీ యూ అంటే వీకి ఒక ప్యాడ్ తగిలించడమేనని జనం అపార్థం చేసుకున్నారని అప్పటి అధ్యక్షుడు సతోరు ఇవాటా తర్వాత ఒప్పుకున్నారు. అంత పెద్ద కంపెనీ అధ్యక్షుడు అంత మాట దాచకుండా చెప్పినందుకు ఆయనంటే నాకు గౌరవం. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

పేరు ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. మా ఇంట్లో పేరు గురించి ఎవరికీ సందేహం లేదు, పెట్టె విప్పి కళ్ళారా చూశారు. అయినా నెల తిరిగేసరికి మళ్ళీ వీకే వెళ్ళారు. అది ఎలా జరిగిందో దగ్గరుండి చూశాను.

మొదటి రోజు. పాత ట్రాన్స్‌ఫార్మర్ దీనికి చాలలేదు. వీ అడాప్టర్ ఇచ్చేది 12 వోల్టులు, 3.7 ఆంపియర్లు. వీ యూది 15 వోల్టులు, 5 ఆంపియర్లు. పలకకి చార్జర్ వేరే. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాను. ఆన్ చెయ్యగానే అప్‌డేట్ అడిగింది. మధ్యలో కరెంటు తియ్యొద్దని హెచ్చరిక. తుఫాను తర్వాత మా వీధిలో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. ఇన్వర్టర్ కింద మెషీన్, మోడెమ్ రెండూ పెట్టి, రాత్రంతా కాపలా కాశాను. పిల్లలు ఎదురుచూసి చూసి నిద్రపోయారు. వీ వచ్చిన రోజు పెట్టె విప్పిన గంటలో మామ్మ బంతి విసిరింది.

రెండో రోజు. పలక చేతికి రాగానే పిల్లలు రెండు వేళ్ళతో తెరని చాపడానికి ప్రయత్నించారు. అప్పటికే ఊళ్ళో ప్రతి రెండో ఇంట్లోనూ ఏదో ఒక చవక ట్యాబ్ ఉంది. తమ్ముడి కూతురు, "పెదనాన్నా, ఇందులో టెంపుల్ రన్ ఉందా?" అని అడిగింది. పలక తెర 6.2 అంగుళాలు, ఒక్క వేలు తాకితేనే పట్టించుకుంటుంది, కాస్త గట్టిగా నొక్కాలి, పక్కనే పెన్సిల్‌లాంటి పుల్ల కూడా ఇచ్చారు. ఇది తయారవడం మొదలైనప్పుడు అలాంటి తెర చేతిలో ఉండటం గొప్పే అయి ఉంటుంది. బజార్లోకి వచ్చేసరికి పిల్లల కళ్ళు అంతకంటే నున్నటి తెరలకి అలవాటు పడిపోయాయి. ఒకసారి చార్జ్ చేస్తే మూడు నుంచి ఐదు గంటలే వస్తుంది.

మూడో రోజు మాత్రం నేను మర్చిపోలేను. నింటెండో ల్యాండ్ డిస్కులో మారియో ఛేజ్ అని ఒక ఆట ఉంది. ఒకరి దగ్గర పలక, మిగతా నలుగురి దగ్గర వీ రిమోట్లు. పలక పట్టుకున్నవాడు పారిపోవాలి, నలుగురూ పట్టుకోవాలి. పారిపోయేవాడికి పలకలో ఊరి పటమంతా కనబడుతుంది. నలుగురూ టీవీలో తమ చుట్టుపక్కల మాత్రమే చూడగలరు. పలక మీదున్న కెమెరా పారిపోయేవాడి ముఖాన్ని టీవీలో చూపిస్తూ ఉంటుంది. మా మేనల్లుడికి అప్పుడు పన్నెండేళ్ళు. వాడు పట్టుబడబోయే క్షణంలో కళ్ళు పెద్దవి చేసి పెదవి కొరుక్కోవడం, అది టీవీలో అంత పెద్దగా కనబడటం, "ఎర్ర మెట్ల దగ్గరున్నాడు! కాదు, పసుపు వైపు!" అని నలుగురూ అరుచుకోవడం. మా చిన్నాన్న నవ్వి నవ్వి కుర్చీలోంచి లేచి బయటికి వెళ్ళిపోయారు. వీధిలో దొంగా పోలీసు ఆడుకునే ఆనందాన్ని అలా హాల్లోకి తెచ్చిన ఆట నాకు మరోటి తెలియదు. ఇప్పటి మెషీన్లలోనూ చూడలేదు. వీ యూ ఎందుకు పుట్టిందో ఆ ఒక్క ఆటలో ఉంది.

కానీ అలాంటివి ఎన్ని? నాకు అసలు బాధ అక్కడే. ఆ పలక లేకపోతే ఈ ఆట లేదు అనిపించేవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 2014 మేలో మారియో కార్ట్ 8 వచ్చింది. అక్క ఎవరితోనో డిస్కు పంపింది. బ్రహ్మాండమైన ఆట, ఇప్పటికీ దాని రంగులు చూస్తే ముచ్చటేస్తుంది. మరి ఆడుతున్నప్పుడు పలక మీద ఏముంటుంది? రోడ్డు పటం, పెద్ద హారన్ బొత్తాం. ఆ రెండింటికీ పలక అక్కర్లేదు. వీలో చాలా ఆటలు ఆ కర్రని ఊపమనేవి. వీ యూలో చాలా ఆటలు పలకని ఒళ్ళో పెట్టుకుని పాత పద్ధతిలోనే ఆడమనేవి.

ఇంకో కష్టం హాల్లో కూర్చుంటేనే తెలుస్తుంది. వీ ఆడేవాణ్ణి చూస్తుంటే మనకీ ఆట అర్థమవుతుంది, ఎందుకంటే ఆట వాడి చేతిలో కనబడుతుంది. వీ యూ ఆడేవాడు ఒళ్ళోకి తల వంచుకుని ఉంటాడు. వాడి ఆట సగం వాడి ఒళ్ళో ఉంది, మనకి కనబడదు. గుమ్మంలో నిలబడి చూసేవాళ్ళకి, "నాకూ ఒకసారి ఇవ్వరా" అనాలని అనిపించదు. వీ ప్రతి ఇంటి నుంచి పక్కింటికి పాకిందే ఆ గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళ వల్ల.

పైగా వీ కొన్నవాళ్ళలో ఎక్కువమంది మా ఇంటిలాంటివాళ్ళే అని నా నమ్మకం. మేం గేమ్స్ ఆడే ఇల్లు కాదు. మాకు ఒక బౌలింగ్, ఒక టెన్నిస్, పండక్కి నలుగురూ కూడినప్పుడు ఒక గంట నవ్వు కావాలి. అది వీ ఇచ్చేసింది. కడుపు నిండినవాణ్ణి మళ్ళీ భోజనానికి పిలిస్తే ఏం వస్తాడు? కొత్త మెషీన్ వచ్చిందని తెలిసినా, బొమ్మ ఇంకా నిగనిగలాడుతుందని తెలిసినా, "మా వీ బాగానే ఉంది కదా" అనే మాటకి నింటెండో దగ్గర జవాబు లేకపోయింది. వీ డిస్కులు వీ యూలో ఆడతాయి, అది మంచి విషయమే. కానీ పెట్టి చూస్తే అదే బొమ్మ, అదే బౌలింగ్. కాలక్షేపం కావాల్సినవాళ్ళు మెల్లగా ఫోన్లలోకి వెళ్ళిపోయారు. నిజంగా గేమ్స్ ఆడేవాళ్ళు 2013 నవంబర్లో వచ్చిన సోనీ గేమ్ మెషీన్ పీఎస్4 కోసం డబ్బులు దాచుకున్నారు. మన దగ్గర అది 2014 జనవరిలో 39,990కి వచ్చింది. మా వీధి కుర్రాళ్ళకి కావాల్సింది ఫుట్‌బాల్. వీ యూకి ఫిఫా 13 తర్వాత మరో ఫిఫా రాలేదు. బయటి కంపెనీలు ఒక్కొక్కటే చెయ్యి వదిలేశాయి. మెషీన్లు అమ్ముడవలేదు కాబట్టి ఆటలు రాలేదు, ఆటలు రాలేదు కాబట్టి మెషీన్లు అమ్ముడవలేదు.

2013 ఏప్రిల్ నుంచి జూన్ దాకా, మూడు నెలల్లో ప్రపంచం మొత్తం మీద వీ యూలు 1 లక్షా 60 వేలే అమ్ముడయ్యాయి. 2014 మార్చితో ముగిసే ఏడాదికి 90 లక్షలు అమ్ముతామనుకున్న కంపెనీ, జనవరిలో ఆ అంచనాని 28 లక్షలకి దించుకుంది. ఇవాటా తన జీతం సగానికి కోసుకున్నారు. పని చేసేవాళ్ళని తీసెయ్యకుండా ముందు తన జేబు తగ్గించుకున్న ఆ పద్ధతి నాకు నచ్చింది. 2015 జులైలో ఆయన పోయారు. తర్వాతి మెషీన్ బజార్లోకి రావడం చూడలేదు.

నేను వీ యూని చులకన చేస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. దాని ఆటలు మంచివని అనడానికి మారియో కార్ట్ 8 లెక్కే చాలు. వీ యూలో అది 84 లక్షలు అమ్ముడైంది. అంటే మెషీన్ ఉన్న ప్రతి పది ఇళ్ళలో ఆరింట అది ఉన్నట్టు. అదే ఆటకి కొంచెం మెరుగులు దిద్ది 2017లో నింటెండో తర్వాతి మెషీన్ స్విచ్ మీద పెడితే 6 కోట్లు దాటింది. ఆట అదే, మారింది కింద ఉన్న మెషీన్.

స్విచ్‌లో చేసిందేమిటంటే, మెషీన్‌ని తీసుకెళ్ళి పలకలోనే పెట్టేశారు. వీ యూలోనూ టీవీ లేకుండా పలక మీద ఆడుకోవచ్చు. అమ్మ సీరియల్ చూస్తుంటే పిల్లాడు పక్కన కూర్చుని మారియో ఆడుకునేవాడు. మా ఇంట్లో ఆ సదుపాయం బాగా వాడాం, ఉమ్మడి కుటుంబాలకి వరమే అది. కానీ డబ్బా హాల్లో ఉంటుంది, పలక దానికి దగ్గర్లోనే ఉండాలి. మాది తాతల నాటి ఇల్లు, గోడలు మూరెడు మందం. వరండాలోకి వెళ్తే బొమ్మ ఆగిపోయేది. మేనల్లుడు గుమ్మం దాటి ఒక అడుగు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చి, ఎక్కడిదాకా ఆడుతుందో చూసి నేల మీద సుద్దముక్కతో గీత గీశాడు. స్విచ్ చేతికి వచ్చిన రోజు నాకు ఆ గీతే గుర్తొచ్చింది. దానికి అలాంటి గీతే లేదు, రైలెక్కి విశాఖపట్నం దాకా ఆడుకుంటూ వెళ్ళొచ్చు. చూడగానే కొత్తేముందో తెలిసిపోతుంది, మామ్మ కర్ర ఊపినప్పుడు తెలిసినట్టు. 15 కోట్లు దాటి అమ్ముడైంది. 2025 జూన్ 5న వచ్చిన దాని తర్వాతి దానికి స్విచ్ 2 అని నేరుగా పేరు పెట్టారు. నాలుగు రోజుల్లో 35 లక్షలు అమ్ముడయ్యాయి.

పాతది గొప్పగా ఆడాక కొత్తది తడబడటం నింటెండో ఒక్కదానికే రాలేదు. నా షాపుకి ఏళ్ళ తరబడి పీఎస్2లు రిపేరుకి వచ్చేవి, ఎక్కువగా డిస్కు చదివే లెన్సు అరిగిపోయి. 2006లో పీఎస్3 అమెరికాలో 500, 600 డాలర్లకి వచ్చింది. మన దగ్గర 2007లో 39,990. ఆ డబ్బు పెట్టలేనివాళ్ళు పీఎస్2నే బాగుచేయించుకుని ఆడారు. సోనీ కూడా దాన్ని 2013 దాకా తయారుచేస్తూనే ఉంది. పీఎస్3 ధర తగ్గాక నిలదొక్కుకుంది. వీ యూకి ధర తగ్గించినా లాభం లేకపోయింది, ఎందుకంటే అక్కడ అడ్డం ధర కాదు.

మా ఇంట్లో వీ యూ బీరువా ఎక్కడానికి ఇంకో కారణం కూడా ఉంది. మామ్మ 2011లో పోయింది. వీలో ఆమె బొమ్మ ఉంది, తెల్ల జుట్టు, గుండ్రటి కళ్ళజోడు, మేనల్లుడు చేసి పెట్టాడు. బౌలింగ్‌లో ఆమె లెక్కలూ అందులోనే ఉన్నాయి. వీలో ఉన్నది చాలావరకు వీ యూకి మార్చుకునే ఏర్పాటు ఉంది. అది జరిగేటప్పుడు పిక్మిన్ అనే చిట్టి చిట్టి జీవాలు బారులు తీరి సామాన్లు మోసుకెళ్తున్నట్టు తెర మీద చూపిస్తారు. ఎంత ముద్దుగా ఉంటుందో వీడియోలో చూశాను. కానీ అలా మారిస్తే ఆట లెక్కలు పాత మెషీన్లో ఉండవు. తమ్ముడు ఎస్‌డీ కార్డు తెచ్చి, "మార్చేద్దామా?" అన్నాడు. మా అమ్మ వద్దంది. అంతే, వీ ఎక్కడ ఉండేదో అక్కడే ఉండిపోయింది. టీవీ కింద రెండు డబ్బాలకి చోటు లేదు.

ఇక లాంజిపల్లి తమ్ముడికి. నువ్వు ఒక్కడివే ఆడుకోవడానికైతే, ఫుట్‌బాల్ కోసమైతే, ఆన్‌లైన్లో స్నేహితులతో ఆడదామనైతే తీసుకోవద్దు. దాని ఆన్‌లైన్ ఆటలు 2024 ఏప్రిల్లో ఆపేశారు. కొత్త ఆటలు కొనే దుకాణం అంతకు ముందు ఏడాదే మూసేశారు. డిస్కులతోనే నెట్టుకురావాలి. ఇంట్లో నలుగురైదుగురు పిల్లలుంటే, నింటెండో ల్యాండ్, మారియో కార్ట్ 8 డిస్కులు కూడా ఇస్తుంటే, కనీసం రెండు మూడు వీ రిమోట్లు దొరికితే, సంతోషంగా తీసుకో. సంక్రాంతికి మారియో ఛేజ్ పెట్టు, పలక ఎప్పుడూ అందరికంటే చిన్నవాడి చేతికి ఇవ్వు.

డబ్బులిచ్చే ముందు పలకని అరగంట ఆన్ చేసి ఉంచు. చార్జర్ తీసేసి చూడు, బ్యాటరీ నిలుస్తోందో లేదో తెలుస్తుంది. పలక లేకుండా డబ్బా ఒక్కటే చవగ్గా ఇస్తామంటే ఎంత తక్కువకైనా తీసుకోకు, సెట్టింగ్స్‌లోకి వెళ్ళాలన్నా అదే కావాలి. మెషీన్ అమెరికాదైతే అమెరికా డిస్కులే ఆడతాయి, జపాన్‌దైతే జపాన్ డిస్కులే. చివరగా అడాప్టర్ తిరగేసి చదువు. 120 అని ఉంటే ప్లగ్గులో పెట్టకు. నేరుగా షాపుకి పట్టుకురా. మెషీన్‌కీ పలకకీ కలిపి సరిపోయే ట్రాన్స్‌ఫార్మర్ చేసి పెడతాను, మధ్యాహ్నం రెండు తర్వాత వస్తే తీరిగ్గా ఉంటాను.